రెండో కేబుల్

పాత గేర్ కేబుల్ రానని మొండికేసింది. తిరుమలయ్య ఇంజన్ దిమ్మకు కాలు తన్నిపెట్టి, పటకారుతో పట్టి లాగాడు. తెగిన తీగలు అరచేతిని చీల్చాయి. నెత్తురు లుంగీకి తుడుచుకున్నాడు. అవతలి కొనకు కట్టిన తాడును దారి పొడవునా పరిచి మరీ బయటికొచ్చింది పాతది. ఇక ఆ తాడుకే కొత్తదాన్ని కట్టి వెనక్కి లాగడమే.

పులికాట్ ఒడ్డున ఇంజన్లు బిగించిన పాత తెరచాప పడవలన్నిటికీ కేబుళ్ళు మార్చేది అతనే. రేణిగుంటలో లారీ షెడ్డు యజమాని పానాతో కొట్టిన రోజున పారిపోయి ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ పానాతో కొట్టరు, చేత్తో కొడతారు. ఒక జీవితానికి ఆ మాత్రం అభివృద్ధి చాలనుకున్నాడు.

పడవ యజమాని మునిశేఖర్ ఇంజన్ను తిట్టి, గాలిని తిడుతున్నాడు. తెరచాప ఆరేసిన చీరలా వేలాడుతోంది. సరస్సులో రొయ్యల వలలు వేసే చోటుకు వంతులుంటాయి, పాడు అంటారు. పది గంటలకు చేరకపోతే ఆ రోజు పాడు తర్వాతివాడిది. ఆ తర్వాతివాడు భానుచందర్.

"అయిందా లేదా, ముసలోడా?"

"గేరుది అయింది. యాక్సిలరేటర్ది గూడా మార్సాలబ్బా. తొడుగు పగిలుండాది, లోపలంతా తుప్పు. పట్టేసిందంటే ఇంజను మన మాట యినదు."

"నువ్వు ఈడ మారుస్తా కూసో, ఆడ భానుగాడు వల దించుతాడు!"

"అరగంట పని. రెండూ మార్సకుండా నేను యే పడవా పంపిండ్ల..."

చెంప పేలింది. తిరుమలయ్య దవడను అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు, గేరు పడుతోందో లేదో చూసినట్టు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి రెండో కేబుల్ వదిలేశాడు. కనీసం దగ్గరుందామని పడవెక్కి ఇంజన్ పక్కన కూర్చున్నాడు.

వాళ్ళు చేరేసరికి భానుచందర్ వల దించుతున్నాడు.

"టయిమైపోయిందప్పా! ఇంటికి బోయి నిద్రపో!"

"నీ పడవను రెండు సెక్కలు జేస్తారా!" అని మునిశేఖర్ యాక్సిలరేటర్ మీట చివరిదాకా తోశాడు. బెదిరించడానికే. దగ్గరికి రాగానే వెనక్కి లాగాడు. మీట వచ్చింది, వేగం తగ్గలేదు. లోపల కేబుల్ పట్టేసింది.

తిరుమలయ్య ఇంజన్ పెట్టెలోకి వంగి, కాలే ఇనుము మధ్య చెయ్యి దూర్చాడు. ఇంజన్ను ఆపనయితే ఆపాడు గాని, అప్పటికే రెండు పడవలూ ఢీకొన్నాయి. గేరు కడ్డీ అతని రొమ్మును గుద్ది, వెనక తెరచాప కొయ్య మీదికి తోసేసింది.

తెడ్లు లేచాయి. ఒకడి నుదురు చిట్లింది, ఒకడి పళ్ళు రాలాయి. తిట్లలో ఇద్దరి అమ్మలూ అక్కలూ అయ్యాక, చివరికి ఒక్క విషయంలో రాజీ కుదిరింది. తప్పంతా మెకానిక్‌ది.

మునిశేఖర్ చెయ్యెత్తుకుని వచ్చాడు.

"లెయ్‌రా!"

తిరుమలయ్య తెరచాప కొయ్యకు ఆనుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో మునిశేఖర్‌కు తెలియలేదు.

పొద్దున తినబోతుండగా పిలిస్తే వదిలేసి లేచిన క్యారియర్ ఒడ్డున అలాగే ఉంది. భార్య గురవమ్మ కట్టిచ్చిన సంగటి ముద్ద నడుమ, పులుసు కోసం బొటనవేలితో నొక్కిన గుంట ఖాళీగా ఉంది.