మంచి ప్రవర్తన

మార్లిస్ చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. భర్త కర్టిస్ వచ్చి కాలర్ మీద వేలితో రుద్ది చూశాడు. ఏమీ అనకుండా ఇంకో చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. అతను ఎప్పుడూ అరవడు, చెయ్యెత్తడు. మాట్లాడడం మానేస్తాడు, అంతే. ఒకసారి రెండు రోజులు, ఒకసారి పదకొండు రోజులు. ఆమె తప్పు ఒప్పుకోగానే మళ్లీ మామూలు మనిషైపోయి, నవ్వి, కాఫీ కూడా పెట్టి ఇస్తాడు. గొంతెత్తని మొగుడు దొరకడం నీ అదృష్టమని అత్తగారు అంటూ ఉండేది. మార్లిస్ కూడా అలాగే అనుకునేది.

ఆమె రాష్ట్ర జైళ్ల శాఖలో మనస్తత్వ నిపుణురాలు. మహిళా జైలులో నడుస్తున్న పాయింట్ల పద్ధతి ఆమె రాసిందే. ఖైదీ బుద్ధిగా ఉంటే పాయింట్లు వస్తాయి, ఆ పాయింట్లతో ఆదివారం పిల్లలతో ఫోన్లో మాట్లాడుకోవచ్చు. గొడవ చేస్తే ఆ ఫోను పోతుంది. మెచ్చుకోలు దొరికిన పనిని మనిషి మళ్లీ చేస్తాడన్నది ఆమె చదువుకున్న సిద్ధాంతం. ఈ పద్ధతి గురించి సభల్లో మాట్లాడేది మాత్రం డైరెక్టర్ బ్రాంట్. ఆ సభలకు కాఫీ, డోనట్లు తెప్పించే పని మార్లిస్‌ది.

శాసనసభ కమిటీ ఈ పద్ధతిని అన్ని జైళ్లలోనూ పెడదామనుకుంటోంది. ఒక మంచి ఉదాహరణ పట్టుకురమ్మని బ్రాంట్ ఆమెను జైలుకు పంపాడు. అందరికంటే ఎక్కువ పాయింట్లున్నది రొవీనా టేట్‌కి. నాలుగేళ్లలో ఒక్క ఫిర్యాదూ లేదు. ఇంత మార్పు ఎలా వచ్చిందని మార్లిస్ అడిగింది.

రొవీనా తలుపు దగ్గరున్న గార్డు వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు తగ్గకుండానే మాట్లాడింది.

"మార్చిలో మా అమ్మ పోయింది మేడమ్. వార్డులో ఏడిస్తే గొడవ కింద రాస్తారు. ఆదివారం నా కూతురి ఫోను పోతుంది. అందుకని ఏడవలేదు. ఇప్పుడు ఏడుద్దామన్నా రావడం లేదు. బయటికెళ్లాక వస్తుందంటారా?"

మార్లిస్ పెన్ను మూసి లేచింది. కారులోకి వచ్చి, మంచు పట్టిన అద్దం వెనక కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. మామూలుగా ఈపాటికి కర్టిస్‌కి ఫోన్ చేసి, పొద్దుటి చొక్కా విషయంలో పొరపాటైందని చెప్పేసి ఉండేది. ఇప్పుడూ ఫోన్ చేతిలోకి వచ్చేసింది. బాధ ఆపే పనికి మనిషి ఎంత తొందరగా అలవాటు పడతాడో ఆమె కొత్త ఉద్యోగులకు ఏటా పాఠం చెబుతుంది. బొమ్మలు గీసి మరీ చెబుతుంది. ఆ పాఠంలో తనెక్కడుందో ఏనాడూ చూసుకోలేదు. ఫోన్ పక్కన పెట్టేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర క్షమాపణ నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్లు తాగి మింగేసింది. మర్నాడూ అంతే. గొప్పగా ఏమీ అనిపించలేదు. ఇల్లంతా అతని మౌనమే నిండింది. మూడో రోజు, కమిటీకి పంపాల్సిన నివేదికలో మొదటి నిబంధన మార్చి రాసింది: పిల్లలతో మాట్లాడడం బహుమతి కాదు, ఏ కారణంతోనూ దాన్ని తీసేయకూడదు.

"మనం అనుకున్నది ఇది కాదుగా మార్లిస్" అన్నాడు బ్రాంట్ అది చదివి. "ఆ టేట్ సంగతి నివేదికలో మొదట పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

ఆమె నివేదిక కింద తన పేరు రాసి, ఏమీ మార్చకుండా కమిటీకి పంపింది.

కమిటీ ముందు బ్రాంట్ ఆమె వెనక వరుసలో కూర్చున్నాడు. ఒక ముసలి సభ్యుడు కళ్లద్దాలు తీసి అడిగాడు. "ఈ పద్ధతి మీరే రాశారు. ఖైదీలు బుద్ధిగా ఉన్నారని మీ లెక్కలే చెబుతున్నాయి. ఇప్పుడేమో అది మార్పు కాదు, భయం అంటున్నారు. మీకెలా తెలుసమ్మా?"

సిద్ధాంతాల పేర్లు చెప్పొచ్చు. కాగితాల నిండా ఉన్నాయి. మార్లిస్ ఆ కాగితాల ఫైలు మూసేసింది.

"మా ఇంట్లో నేను ఇరవై రెండేళ్లుగా బుద్ధిగా ఉన్నానండీ" అంది.