వాన గుండీల గోడ

మా కొట్టులో నాలుగు గోడలకీ కలిపి తొమ్మిది వందల అరవై సొరుగులున్నాయి. ఏ సొరుగులో ఏ గుండీ ఉందో నాకు తెలియదు. నలభై ఏళ్లుగా తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. బేరం నాది, సరుకు అక్కది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. ఈ ఏటితో డెబ్భై నాలుగు నిండాయి. ఎవరైనా దర్జీ ఊడిపోయిన గుండీ ఒకటి తెచ్చి బల్ల మీద పెడితే, దాన్ని అరచేతిలో వేసుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో రెండుసార్లు దొర్లిస్తుంది. తరువాత లేచి గోడ దగ్గరికి వెళుతుంది. చెయ్యి తనంతట తానే సొరుగును వెతుక్కుంటుంది. సొరుగుల మీద పేరు లేదు, అంకె లేదు. రంగును బట్టో సైజును బట్టో సర్దినవి కావవి. అక్క వాటిని వాతావరణాన్ని బట్టి సర్దింది. కిటికీ గోడ నిండా వానలు. తలుపు పక్కన మబ్బులు. ఎదురుగా ఎండలు, వెనక పొగమంచు. ఫలానా ఆల్చిప్ప గుండీ పొగమంచా, పొద్దుటి ఎండా అన్నది ఆవిడకే తెలియాలి.

బేరాలు లేని మధ్యాహ్నాల్లో ఓ పది సొరుగులు లాగి, అందులోవి ఇందులో, ఇందులోవి అందులో పోస్తూ కూర్చునేది. ఇది ఇవాళ చూస్తే మబ్బులా లేదురా, జల్లులా ఉంది అనేది. కిటికీ అద్దంలోంచి వెలుగు గుండీల మీద పడి, గోడల నిండా సన్నని చుక్కలు కదిలేవి. కొట్టు మొత్తం నీటి అడుగున ఉన్నట్టుండేది. వీధిలో బండ్ల చప్పుడు కూడా ఎక్కడో గట్టు మీదిదిలా వినపడేది. నేను మాత్రం అదంతా కూలి గిట్టని చాకిరీ కింద జమకట్టుకున్నాను.

పోయిన ఏడు అక్క జ్ఞాపకంలో తరుగు కనిపించింది. మొదట ఓవర్‌కోటుకి పసిపిల్లల గౌను గుండీలు ఇచ్చింది. తరువాత టీ గిన్నె రెండుసార్లు మాడ్చింది. ఒక సాయంత్రం మా ఇంటి గుమ్మం ముందే ఆగి, ఇక్కడెవరుంటారని నన్ను అడిగింది. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పరీక్షలన్నీ చేసి, రోజూ నడిపించమంది, నిద్ర చెడనివ్వొద్దంది, చెవులు చూపించమంది, నలుగురితో మాట్లాడనివ్వమంది. బుర్రకి రోజూ కాస్త కష్టమైన పని పెట్టమని కూడా అంది. పోయింది తిరిగొస్తుందని మాటివ్వలేను, ఉన్నది నిలవడానికి ఇవన్నీ ఆసరా అని సూటిగా చెప్పింది. కొసరు వెయ్యని మనిషి. నాకు నచ్చింది.

నడక మొదలుపెట్టాం. తెల్లవారుజామున మంచులో, దీపాలు ఇంకా ఆర్పని వీధుల్లో, ఇద్దరం ఎవరి కలలోనో వెళుతున్నట్టు కొట్టుదాకా నడిచేవాళ్లం. చెవికి యంత్రం పెట్టించాను. పెట్టిన రోజునే అక్క, ఇన్నాళ్లూ నువ్వు గొణుగుతావనుకున్నాను, నా చెవి తప్పన్నమాట అని నన్ను నిర్దోషిగా వదిలేసింది. అన్నీ చేశాను గానీ బుర్రకి కష్టమైన పని పెట్టమన్న మాట దగ్గర నా వ్యాపారబుద్ధి అడ్డొచ్చింది. అరిగిన త్రాసు మీద బరువు తగ్గిస్తాం గానీ పెంచుతామా?

అందుకని కోడలికి చెప్పాను. పనిమంతురాలు. పదకొండు రోజుల్లో తొమ్మిది వందల అరవై సొరుగులకీ నంబర్లు అంటించి, ఒక్కో నంబరు చీటీకి ఒక్కో నమూనా గుండీ కుట్టి, జాబితా కంప్యూటర్లోకి ఎక్కించింది. ఐదు నిమిషాలు పట్టే బేరం ఒక్క నిమిషంలో తెగసాగింది. మహా లాభం అనుకున్నాను. అక్క కుర్చీలో చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా కూర్చునేది. పగలు కునికేది, రాత్రి మేలుకునేది. మాటలు తగ్గిపోయాయి.

నెల తిరిగేసరికి సరుకు తప్పడం మొదలైంది. మేము పొట్టి దర్జీ అని పిలుచుకునే పాత ఖాతాదారు, నర్సుల కోట్లకి నలభై ఒకటో నంబరు పట్టుకెళ్లాడు. పొట్లంలోవి చూసుకోకుండా పనివాళ్ల చేత కుట్టించేశాడు. మూడోనాడు తిరిగొచ్చి, అవన్నీ మెరుపు గుండీలనీ, నర్సులంతా నాటకానికి బయల్దేరినట్టున్నారనీ చెప్పి నవ్వాడు. కోడలు నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే అక్క నలభై ఒకటో సొరుగు తీసి రెండు వందల పన్నెండులో ఒంపుతుండగా చూసింది.

భోజనాల దగ్గర అక్క లేచి వెళ్లాక కోడలు నెమ్మదిగా చెప్పింది. "జబ్బు ముదిరింది మావయ్యా. అత్తయ్యని నేను తప్పుపట్టట్లేదు. ఒకటో తారీఖు నుంచి ఆవిడ ఇంట్లోనే ఉంటే మంచిది."

గోదాములో మూలకి చేరిన సరుకు ఏమవుతుందో నాకు తెలుసు. ఇంట్లో కూర్చోబెడితే ఆరు నెలల్లో అక్క మనకి దక్కదు. ఉంచితే కొట్టు పేరు దక్కదు.

మర్నాడు నడకలో అక్కే అడిగింది, ఏం తేల్చుకున్నారని. దాచకుండా చెప్పాను. వీధిదీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

"అన్నీ గోడే చెప్పేస్తుంటే ఇంక నేనెందుకురా అక్కడ?" అంది. "కూర్చుంటే బుర్ర పాకుడు పట్టినట్టయ్యేది. అందుకే మారుస్తూ వచ్చాను. నీ కోడలి నంబర్లు అలాగే ఉంచి, లోపలివి మార్చాను."

"మార్చినవి గుర్తున్నాయా?"

"అడిగి చూడు."

కొట్టు తీశాక కోడలిని కూర్చోబెట్టి సంగతి చెప్పాను. ఆవిడ మొహంలో నమ్మకం లేదు, అయినా కాగితం తీసింది. ఇరవై నమూనాలు ఏరి ఒక్కొక్కటే అక్క చేతిలో పెట్టింది. అక్క కళ్లు మూసుకుంది. కొట్టులో మళ్లీ ఆ నీటి వెలుగు. గుండీ దొర్లుతున్న చప్పుడు కూడా లేదు. అక్క లేచి, అంటించిన అంకెల వంక చూడకుండా, మాకెవ్వరికీ కనబడని ఏదో వానలోకి నడిచి, సొరుగు లాగేది. తొమ్మిదో దాని దగ్గర చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఇక్కడే పెట్టానే అంది, చిన్నపిల్లలా. పదో దానికి మళ్లీ నడిచింది.

"మూడు తప్పు," అంది కోడలు.

"పదిహేడు ఒప్పు," అన్నాను. "ఇరవైకి పదిహేడు నిలిచిన సరుకుని ఎవడూ వెనక్కి పంపడమ్మాయ్."

"వచ్చే ఏడు పదిహేనయితే?"

"అప్పుడు పదిహేనుకి బేరమాడతాను."

కోడలు నన్ను మించిన వ్యాపారి. మధ్యాహ్నందాకా బేరం సాగింది. చివరికి మూడు గోడలు నంబర్లవీ ఆవిడవీ. కిటికీ గోడ అక్కది, దాని మీద ఒక్క చీటీ ఉండదు. ఆ గోడ సరుకు తొందరపడే వాళ్లకి అమ్మకూడదు. అక్క మిగతా మూడు గోడల జోలికి పోకూడదు. ఆఖరి షరతు గట్టిది: అక్కతో పాటు ఇంకొకరికి కూడా ఆ గోడ కంఠతా రావాలి. ఒక్కరి తలలోనే ఉన్న సరుకు సరుకు కాదంది. అక్షరాలా నిజం. ఆ ఇంకొకరు నేనయ్యాను.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నాకు పరీక్ష. అరవై ఎనిమిదేళ్ల వయసులో కళ్లు మూసుకుని, అరచేతిలో బూడిదరంగు చుక్క పెట్టుకుని, ఇది తుంపరా, ముసురా, వాన వెలిశాక చూరు కారడమా అని ఆలోచిస్తూ నిలబడతాను. మొదట్లో అంతా ఒకటే ప్లాస్టిక్కు. పోను పోను వేళ్ల కింద ఏదో తడి తగులుతున్నట్టు అనిపిస్తుంది. పొట్టి దర్జీ వచ్చి, బల్ల మీద మోచెయ్యి ఆనించి, ఏమయ్యా, ఇవాళైనా వాన పడిందా అని ఎగతాళి చేస్తాడు. అక్క అతన్ని కూర్చోబెట్టి అతని చేతిలో కూడా ఒకటి పెడుతుంది.

మొదటి వారం నాకు ఇరవైకి నాలుగు. నీది దివాలా రా అంది అక్క. ఈ నెల ఆరుకి చేరాను. అక్క పదహారుకి దిగింది. ఆ దిగిన ఒకటి నన్ను రెండు రోజులు పట్టి కుదిపింది. నిన్న కొట్టు మూసే ముందు మనసు సర్దుకోవడానికి లెక్కకట్టి, ఇద్దరివీ కలిపితే ఇరవై రెండక్కా, గోడ మొత్తానికి నష్టం లేదు అన్నాను.

అక్క కిటికీ తలుపు వేస్తూ, వెనక్కి తిరగకుండానే అంది.

"ముందు తప్పులు కలుపు. పద్దెనిమిది."

నేనింకా వేళ్ల మీద లెక్కపెడుతున్నాను.