గాజు పలక మీద పెన్సిలు గీతలు

1979 చలికాలంలో, ఢిల్లీ మండీ హౌస్ దగ్గరి ఒక గ్యాలరీలో అలనాటి సినిమా తారల ఫొటోలు ప్రదర్శనకు పెట్టారు. అన్నీ 1930ల్లో మద్రాసులోని ఒక స్టూడియోలో తీసినవి. కూతురు గౌరితో కలిసి వెళ్లిన హైమవతి మూడో ఫొటో దగ్గర ఆగిపోయింది. నున్నటి చెంపలతో నవ్వుతున్న ఒక కథానాయిక. కింద కార్డు మీద స్టూడియో యజమాని పేరొక్కటే ఉంది.

"ఈ చెంపలు నేను దిద్దినవే," అంది హైమవతి.

పెళ్లికి ముందు ఆరేళ్లు ఆవిడ ఆ స్టూడియోలో రీటచింగ్ చేసింది. ఆ నటి ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. గాజు నెగెటివు మీద ఒక్కొక్క మచ్చనూ సన్నటి పెన్సిలు మొనతో పూడిస్తే గాని ఆ నునుపు రాలేదు.

గ్యాలరీ అధికారి సుందరరామయ్య తెలుగువాడే. ఓపిగ్గా విన్నాడు. "కావచ్చమ్మా. కానీ రికార్డులో మీ పేరు లేదు. ప్రూఫ్ లేకుండా ఎలా వేస్తాం?"

"నెగెటివు మీ దగ్గర ఉందిగా? పనికిరాని పాత పలక ఒకటి ఇప్పించండి. మీ ఎదుటే దిద్దుతాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి."

"అమ్మా, రహనే దో, వదిలెయ్. అందరూ చూస్తున్నారు," అంది గౌరి.

"చూడనీ."

మర్నాడు హైమవతి సరోజినీ నగర్‌లోని ఇంటి నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. గ్యాలరీ కిటికీ పక్కన కూర్చుని, సుందరరామయ్య ఇచ్చిన పాత పలక మీద పని మొదలుపెట్టింది. ఆ పని మాని నలభై ఏళ్లు దాటిందేమో, చెయ్యి మాట వినలేదు. మొన లోతుగా దిగి పలక గీసుకుపోయింది. రెండోదీ అంతే అయింది.

"పోనీండమ్మా, మీ మాట నేను నమ్ముతున్నాను," అన్నాడు సుందరరామయ్య జాలిగా.

"మీరొక్కరూ నమ్మితే చాలదు. రేపు ఇంకో పలక ఇవ్వండి."

ఆ సాయంత్రమంతా ట్రేసింగ్ కాగితం మీద చెయ్యి తిప్పుతూనే ఉంది. గౌరి కాసేపు చూసి, పక్కన కూర్చుని పెన్సిళ్లు చెక్కిపెట్టింది.

మర్నాడు మూడో పలక కుదిరింది. సుందరరామయ్య భూతద్దం పెట్టి పాత నెగెటివూ, కొత్త పలకా మార్చి మార్చి చూశాడు. రెండింటి మీదా అవే పొట్టి గీతలు, అన్నీ కుడిచేత్తో గీసేవాటికి ఎదురు పక్కకు వాలినవి. తలెత్తి చూస్తే పెన్సిలు ఆవిడ ఎడమచేతిలో ఉంది.

"అచ్ఛా..." అన్నాడు నెమ్మదిగా. "కార్డు మార్పిస్తానమ్మా. 'సహాయం: హైమవతి' అని..."

"సహాయం కాదు. రీటచింగ్ అని వేయండి."

"ఠీక్ హై. అలాగే."

హైమవతి లేచి గోడ వెంట నడిచింది. "ఈ పన్నెండు ఫొటోల్లో ఏడు నేను దిద్దినవి. తక్కిన అయిదూ ధర్మయ్యవి. నాకు పని నేర్పినవాడు. అడగడానికి ఇప్పుడు లేడు. వాటి కింద ఆయన పేరు ఉండాలి."

సుందరరామయ్య టైపిస్టును పిలిచాడు. హైమవతి కుర్చీ దగ్గరికి లాక్కుని, ముందు ధర్మయ్య పేరు ఒక్కో అక్షరం చెప్పి కొట్టించింది.