అక్క చేతి ఎముక

పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆమె కార్ఖానాలో ఏప్రన్ కట్టుకుని పని మొదలుపెట్టేది. కాల్షియం ఫాస్ఫేట్ పొడిని నీళ్ళలో, కాస్త జిగురుతో పల్చటి సున్నంలా కలిపేది. వేలెడంత స్పాంజి ముక్కల్ని అందులో ముంచి, గట్టిగా పిండి, ఆరబెట్టి కొలిమిలో పెట్టేది. స్పాంజి కాలిపోయి, దాని చిల్లులన్నీ తెల్లటి రాయిలో మిగిలేవి. ఆ రాయిని ఎముక పోయినచోట పెడితే, చిల్లుల్లోకి మనిషి ఎముక మెల్లగా పాకి పెరిగేది.

ఆమెకి కాలు నిలవదు. స్పాంజి పిసుకుతూనే కిటికీ దాకా వెళ్ళొచ్చేది, కొలిమి చుట్టూ తిరిగేది. కాలుగాలిన పిల్లి అనేవాళ్ళు. పోను పోను వట్టి పిల్లి అయింది. ఆమె చేసిన ముక్క ఒంట్లో పడ్డవాళ్ళకీ కాలు నిలిచేది కాదు. తుంటి విరిగిన టైలరు మిషను అమ్మేసి పడవ మీద పనికి కుదిరాడు. ఒక పంతులమ్మ ఏడాదిలో మూడు ఊళ్ళు మారింది. ఆసుపత్రివాళ్ళకిది తెలిసిన సంగతే. మంచం దిగనని మొండికేసే రోగి ఉంటే, చీటీ మీద "పిల్లి చేతిది" అని రాసి పంపేవారు.

ఆమె తమ్ముడు గడియారాలు బాగుచేసేవాడు. పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికే లేవడం. "కాసేపు కూర్చో అక్కా, నేలేమన్నా కాలుతోందా?" అనేవాడు రోజూ. ఆమె ఎటూ పోకుండా సాయంత్రానికి ఇల్లు చేరుతోందంటే, వాడక్కడ కూర్చుని ఉంటాడనే.

లారీ తగిలి వాడి కాలెముక మూడంగుళాలు పోయింది.

"రెండుసార్లు వేరేవాళ్ళు చేసిన ముక్కలు పెట్టాం, పట్టలేదు. ఈసారీ పట్టకపోతే కాలు తీసెయ్యాలి. నువ్వే చెయ్యమ్మా," అన్నాడు డాక్టరు.

"నేను చేస్తే వాడు ఇంట్లో ఉంటాడా?"

"కాలైతే ఉంటుంది."

ఆమె స్టూలేసుకు కూర్చుని, కాళ్ళు రెండూ ముడేసుకుని, ఊపిరి బిగబట్టి మెల్లగా పిండింది. మర్నాడు సూపర్‌వైజరు ఆ ముక్కని కిటికీ వెలుతుర్లో పెట్టి చూశాడు.

"చిల్లులు పూడుకుపోయాయి. ఎముక ఎక్కణ్ణుంచి దూరుతుంది?"

మరో రెండు చేసింది. అవీ అంతే. శుక్రవారం ఆపరేషనని కబురొచ్చింది. ఆమె స్టూలు పక్కకి తన్నేసి నడవడం మొదలుపెట్టింది. భయాన్నీ, వాడి మీద కోపాన్నీ, తను ఎక్కని బస్సులన్నిటినీ ఆ స్పాంజిలోకి పిసుకుతూ నడిచింది. కొలిమిలోంచి వచ్చిన ముక్క గువ్వ ఈకలా తేలిగ్గా ఉంది. వెలుతురు దాన్లోంచి జల్లెడలోంచి పడ్డట్టు పడింది.

ఆపరేషనైన మూడో నెలకి వాడు చేతికర్ర వదిలేశాడు. నాలుగో నెలలో ఒక్క గడియారం బాగుచెయ్యడానికి ఆరుసార్లు లేచాడు. ఒక మధ్యాహ్నం, ఎన్నడూ రానివాడు, ఆమె పనిచేసే చోటికొచ్చాడు. నిలబడలేక ఆమెతోపాటు కొలిమి చుట్టూ తిరిగాడు.

"అక్కా, చిన్నప్పట్నుంచీ నీకు లోపల ఇలాగే ఉంటుందా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

"ఇలాగే."

"మరి ఇంతకాలం ఇంట్లో ఎలా ఉన్నావు?"

"నువ్వు కూర్చుని ఉండేవాడివిగా."

వాడు మరో చుట్టు తిరిగాడు. "ఊరూరా గడియార స్తంభాలు ఆగిపోయి ఉన్నాయట. బాగుచేసుకుంటూ పోదామనుకుంటున్నా. నువ్వూ రా."

"రేపు కొలిమి తెరవాలి. నలుగురు రోగుల ముక్కలున్నాయి లోపల."

"ఎల్లుండి?"

ఆమె చేతిలో స్పాంజిని ఆఖరి చుక్కదాకా పిండి, పళ్ళెంలో పెట్టింది.

"ఎల్లుండి ఎన్నింటి బస్సుకి?" అంది.

మర్నాడు నలుగురి ముక్కలూ ఆసుపత్రికి చేరాయి. ఆ మరుసటి పొద్దున్న బస్టాండులో బెంచీలన్నీ ఖాళీగానే ఉన్నా, బస్సు వచ్చేదాకా అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ చివర్నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉన్నారు.