తిరగలి పాటకో గది

మా ఆయన దుర్గాప్రసాద్‌ ఒక పని తలకెత్తుకుంటే పూనకం వచ్చినట్టే. ఈసారి తలకెత్తుకున్నది, బారిడీహ్‌లో మా ఇంటి వెనక ఉన్న పాత బొగ్గుల కొట్టును రికార్డింగ్ గదిగా మార్చడం.

అంతా మా అత్తగారు సింహాచలమ్మ కోసమే. కొన్నాళ్లుగా ఆమెకు మతిమరుపు. నా పేరు ఎప్పుడో మరిచిపోయింది, కొడుకు పేరు కూడా అప్పుడప్పుడూ తడుముకుంటోంది. కానీ ఆ కొట్టులో కాళ్లు చాపుకుని కూర్చుని తిరగలి పిడి పట్టుకుంటే చాలు, పాట తన్నుకొచ్చేది. పసితనంలోనే జ్వరంతో పోయిన కూతురు పైడమ్మ మీద ఆమె తనే కట్టుకున్న పాట. ఆ పిల్లకు ఫోటో లేదు. ఆ నవ్వు, ఆ అలక, బెల్లం కోసం చేసిన మారాం, అన్నీ ఆ పాటలోనే ఉండేవి. అదీ పోతే తన చెల్లెలు అసలు పుట్టనట్టేనని మా ఆయన బెంగ.

ముందు ఫోన్లో పట్టి చూశాడు. తిరగలి గరగర తప్ప మాట తెలియలేదు. విసుగొచ్చి చెరిపేశాడు.

"ఈ సప్పుడు పోవాల, శైలజా. అప్పుడే అమ్మ గొంతు దొరుకుతాది" అన్నాడు.

గోడలకు మెత్తటి పలకలు, తలుపు సందులకు రబ్బరు, మంచి మైకు. ఆ శ్రద్ధ చూసి నాకూ ముచ్చటేసింది. నేను బిష్టుపూర్ బజారుకు వెళ్లి తెరలకు మందపాటి గుడ్డ కొనుక్కొచ్చేసరికి కొత్త నేల కూడా పోసేశారు. తిరగలి కనపడలేదు.

"ఈ రాయినేటి సెయ్యాలని బలరామ్ మేస్త్రీ అడిగినాడు. 'తోడ్ దో' అని పగలగొట్టీమన్నాను. ముక్కలు నేల్లో ఏసీసినాడు. మిక్సీ ఉంది కదా, అమ్మకింక అదెందుకు?" అన్నాడు, చేతులు కడుక్కుంటూ.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లమ్మ పిండి కోసమే తిరగలి తిప్పుతోందనుకున్నాడు ఈ మహానుభావుడు!

నేల ఆరాక అత్తగారిని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. తలుపు వేస్తే వీధిలో ఆటోల మోత కూడా లేదు. మైకు ఆన్ చేసి, "పాడమ్మా" అన్నాడు.

ఆమె అటూ ఇటూ చూసింది. "నా తిరగలి ఏదిరా?"

ఆమె కూర్చున్న చోటే, ఆమె కిందే ఉంది. ఆ మాట ఎవరు చెబుతారు? మేస్త్రీ తీసి పక్కన పెట్టిన చెక్క పిడి ఉంటే తెచ్చి చేతికిచ్చాను. ఆమె దాన్ని నున్నటి నేల మీద నిలబెట్టి గుండ్రంగా తిప్పింది. చప్పుడు లేదు. మళ్లీ తిప్పింది. పెదవులు కదిలి ఆగిపోయాయి.

"పైడమ్మ పాటమ్మా. మన పైడమ్మ..." మా ఆయన ఆమె ముందు కూలబడ్డాడు.

అత్తగారు ఆయన మొహంలోకి జాలిగా చూసింది.

"పైడమ్మెవులు బాబూ? మీ పాపా?"

ఆ మాటను మాత్రం మైకు చక్కగా పట్టుకుంది. ఎక్కడా గరగర లేదు.