పిడికెడు బియ్యం, ఒక పేరు

బయట తాళం పడిన చప్పుడుకి లీలావతి ప్రాణం ఉసూరుమంది.

అది ఎనభై నాలుగు, మిరపకోతల కాలం. తెల్లవారగానే అత్తగారు రాజమ్మ కోతకి పోతూ, కొత్తకోడలిని లోపలుంచి తలుపుకి తాళం వేసేది. మళ్ళీ పొద్దుగూకాకే తీయడం. భర్త జోసెఫ్ నూజెండ్లలో పంతులు. శనివారం వస్తే సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోతాడు. పెరట్లోకి పోదామంటే చుట్టూ నిలువెత్తు నాపరాళ్ళ గోడ. ఆవల మాచర్ల ఊరంతా తిరుగుతూనే ఉంటుంది.

"బస్టాండు పక్క సందు, తాగుబోతులు. ఒంటరిగా ఎట్టా వదిలేది?" అంటుంది రాజమ్మ.

"మీతో వస్తాను అత్తయ్యా."

"బి.ఏ. చదివిన కోడల్ని మిరపకోతకి తోలిందని నలుగురూ నా మొహాన ఉమ్మరూ?"

లీలావతిది తేలిగ్గా మురిసిపోయే మనసు. పెంకుల సందులోంచి ఎండబిళ్ళ నేలమీద పాకుతుంటే దానితో పందెం కట్టేది. పోయిన ఆదివారం పాస్టరుగారి ప్రసంగంలో జోసెఫ్ గురకపెట్టడం గుర్తొచ్చి ఒక్కతే పడీపడీ నవ్వేది. మధ్యాహ్నానికి ఆ నవ్వంతా ఆవిరై, గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుండేది. అప్పుడు మొదలయ్యేవి ఆలోచనలు. నేనంటే ఆమెకి గిట్టదు. నీళ్ళిచ్చినా గ్లాసు నా చేతిలోంచి అందుకోదు, కింద పెట్టమంటుంది. పూలు తెస్తే చాపమీద పడేస్తుంది. నా ఒళ్ళు తగిలితే మైలా ఏమిటి?

ఈ శనివారం ఆయనతో తేల్చుకోవాలి, ఆమో నేనో. తేలకపోతే నరసరావుపేట బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలి.

అలా నిశ్చయించుకుని పెరట్లో పొయ్యి మీద ఎసరు పెట్టింది. వండేముందు చర్చి కుండలో పిడికెడు బియ్యం వేయడం ఆ పేటలో ప్రతి క్రైస్తవ ఇంట్లోనూ ఉన్నదే. ఆదివారం వాటిని చర్చికి పట్టుకెళ్తారు. రాజమ్మ ఇంట్లో మాత్రం ఇంకో నియమం ఉంది. "మనసు ఎవరి మీద మండుతుందో వాళ్ళ పేరు చెప్పి, వాళ్ళలో ఒక మంచి తలుచుకుని వెయ్యి. మంచి దొరికిందాకా పిడికిలి విప్పమాక."

ఇన్నాళ్ళూ లీలావతి తేలికైన పేర్లే ఎంచుకుంది. హాస్టలు వార్డెను, బస్సులో కిటికీ సీటు లాక్కున్నావిడ. ఈరోజు మాత్రం వద్దన్నా ఒక్క పేరే నోటికొచ్చింది.

"అత్తయ్య," అంది. మంచి మాత్రం ఒక్కటీ దొరకలేదు. వేళ్ళ మధ్య బియ్యం చెమటకి తడిశాయి. ఎసరు మరిగి మరిగి సగానికొచ్చింది.

గోడ మీదుగా పక్కింటి జుబేదా తల పైకి లేచింది. "ఏంది లీలక్కా, ఇంకా వండలా?"

"పిడికిలి విప్పలేకపోతున్నా. మా అత్తయ్యలో ఒక మంచి ఉంటే చెప్పు."

"మీ అత్తలోనా? కాసేపాగు, వెతకాల." జుబేదా కిసుక్కున నవ్వింది. "నా మీద ఎన్నిసార్లు లేచిందో. మొన్న మా బుడ్డోణ్ణి ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకుంది. మిరప ఘాటు చేతులే, పసిగుడ్డుకి మంట పుడద్ది, అవతల పడుకోబెట్టు అని కసిరింది. ముట్టుకోకుండానే వాణ్ణి నవ్వించింది, చూడాల."

 గ్లాసు, పూలు, చాప ఒక్కొక్కటే లీలావతి కళ్ళముందు మెదిలాయి.

"ప్రభువా," అంది మెల్లగా, "ఆమెని నేను నా కోపంతోనే చూశాను. నువ్వు చూసినట్టు చూడనివ్వు."

వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి.

తాళం మాత్రం తాళంలాగే ఉంది. గోడలూ ఒక్క అంగుళం వెనక్కి జరగలేదు.

సాయంత్రం రాజమ్మ రాగానే లీలావతి ఆముదం గిన్నెతో ఎదురుగా కూర్చుని, ఆ ఎర్రబడ్డ చేతుల్ని ఒళ్ళోకి లాక్కుంది.

"వదలవే, మంట పుడద్ది."

"పుట్టనివ్వండి. అత్తయ్యా, మీరు తాళం వేసి వెళ్తే నాకు ఊపిరాడటం లేదు. మీ మీద పగ పెరుగుతోంది. నాకది వద్దు. శనివారం ఆయనతో చెప్పి పుట్టింటికి పోదామనుకున్నాను."

రాజమ్మ చేతులు లాక్కోబోయి ఆగింది. "మరి పోతావా?"

"పోను. కానీ తాళం వద్దు."

"నీకేమన్నా అయితే వాడికి నేనేం చెప్పేదే?"  అన్నాళ్ళుగా అధికారం అనుకున్నదాంట్లో భయం ఉందని లీలావతికి అప్పుడు వినిపించింది.

మర్నాడు తెల్లవారుతుండగా రాజమ్మ పాత గుడ్డపీలిక విసిరింది. "తలకి కట్టుకో. కళ్ళు నలుపుకున్నావంటే చూడు. కాయ తొడిమతో తుంచాల. మీ బి.ఏ.లో చెప్పుండరు."

దారిలో ఎవరో ఎగతాళి చేశారు. "ఏమే రాజమ్మా, కోడల్ని కూలికి తెచ్చావా?"

"తోడుకి తెచ్చుకున్నా. నీకేంది?"

లీలావతికి నవ్వాగలేదు. చల్లగాలి మొహానికి తగులుతుంటే చిన్నపిల్లలా గెంతాలనిపించింది. రాజమ్మ మాత్రం వెనక్కి చూడకుండా ముందు నడిచిపోతోంది. "చూశావా, నీ కోసం ఆగను కూడా ఆగదు," అంటూ పాత ఆలోచన మళ్ళీ తలెత్తింది.

లీలావతి దారిలోనే పిడికిలి బిగించి, ఆ పేరు మరోసారి పలికి, ఒక మంచిని వెతుక్కుంటూ అడుగు వేగం పెంచింది.