కాటాబావ తూచిన దిమ్మ

మిల్లు గేటు పక్కనున్న కాటా మీదికి లారీ ఎక్కింది. గదిలోని చిన్న తెర మీద అంకెలు కాసేపు ఊగిసలాడి కుదురుకున్నాయి. ఖాళీ బండి బరువు తీసివేస్తే కలప పదిహేను వేల ఆరువందల తొంభై కిలోలు. డిపోలో బయల్దేరేటప్పుడు రాసిన చీటీలో మాత్రం పదిహేడు వేల రెండువందల నలభై ఉంది.

"పదిహేనువందల యాభై తక్కువ," అన్నాడు గేటు గుమాస్తా ఆడిటరమ్మతో, ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుంటూ. "ఓ ఇరవై దుంగలు దారిలో దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయినట్టున్నాయి, మేడమ్."

"నావైపు చూడకు," అని లారీ డ్రైవరు గయ్‌మన్నాడు. "పన్ను కాగితం గడువు దాటిందని పదకొండు రోజులు పోలీసు స్టేషన్ ఆవరణలో పెట్టేశారు బండిని. తాళ్ళకి వాళ్ళ సీలుంది, చూసుకో. ఎవరైనా తింటే వాళ్ళే తినుండాలి."

"వాళ్ళు చాలా తింటారు గాని, కట్టెలు తినరులే."

ఆడిటరమ్మ ఇద్దరి మాటలూ విన్నది, ఏ ఒక్కటీ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్ళుగా కలప లోడ్ల ఆదాయం తనిఖీ చేస్తున్న మనిషి ఆమె. ఇంకో ఏడు వారాల్లో పదవీ విరమణ. ఒట్లకూ, కన్నీళ్ళకూ, కోపాలకూ తనిఖీ కాగితంలో గడి లేదని ఆమె నమ్మకం. అందుకే సీలు ఊడలేదని చూసుకుని, లోడు దింపుతుండగా ఎండలో నిలబడి దుంగలు లెక్కపెట్టింది. రెండువందల పద్నాలుగు. చీటీలోనూ రెండువందల పద్నాలుగే. ప్రతి దుంగ చివరా డిపోవాళ్ళు వేసిన ఎర్ర ముద్ర ఉంది. ముద్ర లేని దుంగ ఒక్కటీ లేదు.

దుంగలు అన్నీ ఉన్నాయి. బరువు లేదు.

"ఇప్పుడేమంటావ్?" అన్నాడు డ్రైవరు గుమాస్తాతో, నడుం మీద చేతులు పెట్టుకుని.

గుమాస్తా చీటీ మళ్ళీ తిరగేసి చూశాడు. ఆడిటరమ్మ దుంగల దగ్గరికి నడిచింది. ఒక దుంగ చివరన అరచెయ్యి ఆనించింది. బెరడు తీసిన ఆ కలప వేడిగా, పొడిగా తగిలింది. నడి కొయ్య నుంచి అంచుదాకా సన్నటి పగుళ్ళు పాకి ఉన్నాయి. ఆమె చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది.

ఆఫీసుకు వచ్చి కంప్యూటరు తెరిచింది. ఆ ఏడాది మిల్లులకు చేరిన లోడ్ల జాబితాలో డిపో బరువు, మిల్లు బరువు, తేడా, బయల్దేరిన తారీఖు, చేరిన తారీఖు పక్కపక్కనే ఉన్నాయి. ఎప్పుడూ చేసినట్టు లారీ నంబర్ల వారీగా కాక, మొట్టమొదటిసారి దారిలో గడిచిన రోజుల వారీగా పేర్చింది. అదే రోజు చేరిన లోడ్లలో తేడా దాదాపు లేదు. రెండు రోజులు పట్టినవాటిలో వందకు రెండు. మిల్లు ముందు అయిదు రోజులు వరుసలో నిలబడినవాటిలో వందకు అయిదు. అంకెలు మెట్లు కట్టినట్టు దిగుతూ పోయాయి.

పచ్చి కలపలో సగం దాకా నీళ్ళే ఉంటాయని బడిపిల్లలకు కూడా తెలుసు. ఆమెకూ తెలుసు. తెలియడం వేరు, ఆ తెలిసినదాన్ని తీసుకొచ్చి తన రిజిస్టరు పక్కన పెట్టడం వేరు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఇలాంటి తేడానే ఆమె పట్టుకుంది. ఒకే ఎండాకాలంలో అరవై ఒక్క లోడ్లు. వందకు రెండు కిలోల వరకు తరుగు ఒప్పుకోవాలని నియమం. వాటన్నింటిలోనూ తరుగు అంతకు మించింది. అప్పట్లో బరువులు ఒక రిజిస్టరులో, తారీఖులు గేటు రిజిస్టరులో ఉండేవి. ఆమె బరువులు మాత్రమే తీసుకుంది. ఏ లారీ, ఏ డ్రైవరు, ఏ గుమాస్తా అని పేర్చి చూసింది. దొంగ కోసం వెతికింది కనుక మనుషుల వారీగా పేర్చింది. అలా పేరిస్తే అన్ని చీటీల మీదా ఉన్న సంతకం ఒక్కటే. అది డిపోలో తూకం వేసే గుమాస్తాది. ఆమె అక్క భర్తది.

కాటా దగ్గర పని కనుక పెళ్ళైన కొత్తల్లో ఆమే సరదాగా "కాటాబావ" అని పిలిచేది. తర్వాత డిపో అంతా అదే పేరు పట్టుకుంది.

ఆయన తనకు బంధువని ఒక్క వాక్యం రాసి ఆ ఫైలు మరొకరికి అప్పగించే వీలు అప్పుడు ఆమెకు ఉంది. అప్పగించలేదు. ఇంకొకరు వదిలేస్తే, మరదలే తప్పించిందని లోకం అంటుందని భయపడింది. రాగద్వేషాలు లేని ఆడిటరు అనిపించుకోవాలన్న రాగం కూడా మనిషికి ఒకటి ఉంటుందని అప్పటికి ఆమెకు తెలియదు.

విచారణ గదిలో పై అధికారి బావను అడిగాడు: "ఇంత కలప ఎక్కడికి పోయిందయ్యా?"

"నీళ్ళు పోయాయండీ. ఎండకి."

"నీళ్ళు పోవడం కాదు, నువ్విక్కడ నీళ్ళు నములుతున్నావు."

గదిలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు గాని, నవ్వు ఆపుకోవడానికి తలవంచి కాగితాలు సర్దుకుంది. బావ ఆమె వంక చూసిన చూపు మాత్రం ఇన్నేళ్ళయినా చెరగలేదు.

ఆ వారమే ఆదివారం నాడు ఆయన ఆమె ఇంటికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. దాని బరువుకు భుజం ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

"అమ్మాయ్, ఒక్క నిమిషం. ఇది చూస్తే చాలు."

"కేసు నడుస్తోంది బావా. నువ్వు చూపించకూడదు, నేను చూడకూడదు. వెళ్ళిరా."

తలుపు సగమే తెరిచి ఆ మాట అంది. ఆయన సంచి చెయ్యి మార్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఉద్యోగం పోయింది. నష్టం ఆయన భవిష్యనిధిలోంచి రాబట్టారు. తర్వాత ఒక కిరాణా కొట్టులో తూకాలు వేసే పనికి కుదిరి, పన్నెండేళ్ళు చేసి, ఆరేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. ఆ పన్నెండేళ్ళూ అక్క ఆయనను ఏమడిగేదో ఆడిటరమ్మకు తెలుసు. "నిజం చెప్పు. ఎవరికిచ్చావు? ఆ డబ్బేం చేశావు?" విచారణ ముగిసిన రోజు అక్క ఆమెనూ ఒక్క మాట అడిగింది, లెక్క సరిగ్గా చూశావా అని. అంకెలు అలాగే ఉన్నాయక్కా, అంది ఆమె. "నువ్వు చెప్పావంటే అంతే. నీ లెక్క తప్పదు," అంది అక్క. ఆ రోజు నుంచి అక్క మంచం పక్క గదిలోకి మారింది.

ఇప్పుడు ఆ లెక్క మళ్ళీ చూడడానికి మూడు రోజులు ఆమె రికార్డు గదిలో గడిపింది. పాత ఫైలు దొరికింది. గేటు రిజిస్టరు కూడా, చెదలు అంచులు మాత్రమే తిని, దొరికింది. అరవై ఒక్క లోడ్లకూ రోజులు లెక్కగట్టింది. కొత్త మెట్లే పాత కాగితం మీదా కనబడ్డాయి. తాను కోరుకునే జవాబు కనుక దాన్ని మరీ గట్టిగా అనుమానించింది. ఆ ఏడాది వానాకాలపు లోడ్లు తీసి చూసింది. అవే లారీలు, అదే గుమాస్తా, తరుగు లేదు. దొంగలు వానాకాలం సెలవు పెట్టరు. ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు.

ఆఫీసుకు తప్పు ఒప్పుకుంటూ నివేదిక రాయడం ఆమెకు కష్టంగా తోచలేదు. అది రాసి తీరాలి. అక్కకు చెప్పడమే కష్టం. మొగుడు తప్పు చేశాడన్న నమ్మకం మీదే ఆవిడ పన్నెండేళ్ళు కాపురం చేసి, ఆరేళ్ళుగా ఒంటరిగా బతుకుతోంది. ఇప్పుడు ఆ నమ్మకం లాగేస్తే కింద ఏముంటుంది? చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదని ఒక సాయంత్రమంతా తనకు తాను నచ్చజెప్పుకుంది. మర్నాడు ఆలోచిస్తే, ఆ వాదనలో మేలు జరుగుతున్న మనిషి తానొక్కతేనని తేలింది.

మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళింది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గాలికి మూసుకోకుండా ఒక గుండ్రటి కట్టె దిమ్మ అడ్డం పెట్టి ఉంది. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"ఏమే, ఈ వేళప్పుడు వచ్చావ్? ఆఫీసు మూసేశారా, నిన్ను ముందే సాగనంపారా?"

"అక్కా, కూర్చో. బావ సంగతి."

"పోయినాయనకి కొత్త సంగతులేముంటాయే?"

చెప్పింది. దుంగలు, పోలీసు సీలు, రోజులు, ఎండ, నీళ్ళు, ఏదీ దాచకుండా, తన తప్పు దగ్గర గొంతు తగ్గించకుండా చెప్పింది. అక్క చేతులు దిండు గలీబును మడిచి, విప్పి, మళ్ళీ మడిచాయి.

"అయితే తియ్యలేదా?"

"తియ్యలేదు."

"ఒక్క దుంగ కూడా?"

"ఒక్కటి కూడా, అక్కా."

అక్క తలుపు వంక చూసింది. తర్వాత వేలు చూపించింది. "అది తెచ్చాడు. ఆ దిమ్మ. దుంగ చివర కోసి పారేసిన ముక్కట. డిపో నుంచి ఈ ఇంటికొచ్చింది అదొక్కటే." నవ్వబోయింది. నవ్వు రాలేదు. "కొట్టు కాటా మీద పెట్టి తూచేవాడు. మొదట్లో ప్రతి ఆదివారం, తర్వాత్తర్వాత నెలకోసారి. పిచ్చి ముదిరిందనుకున్నాను. దాన్ని పొయ్యిలో పెట్టేస్తానని కూడా బెదిరించాను."

ఆడిటరమ్మ లేచి వెళ్ళి దిమ్మను వెల్లకిలా తిప్పింది. నేలకు ఆనిన వైపు పెన్సిలు గీతలు గీసి, వరుసగా తారీఖులు, బరువులు. కాటా చీటీల మీద ఒకప్పుడు ఏళ్ళ తరబడి ఆమె చూసిన అదే నిబ్బరమైన అక్షరాలు. మొదటి వరుసలో తొమ్మిది కిలోల నాలుగువందలు. తారీఖు, ఆయన సంచితో తన గుమ్మం ఎక్కిన ఆదివారానికి పది రోజుల ముందుది. ఆ ఆదివారం తారీఖున, ఎనిమిది కిలోల రెండువందలు.

అప్పటికే అంతా అందులో ఉంది. చేతితో ఎత్తి చూస్తే చాలు. కోసిన ముక్క నిండు దుంగ కంటే త్వరగా ఆరుతుంది, కనుక ఇదొక్కటే రుజువు కాదు. కాని దారి చూపించడానికి చాలు. ఆమె దిమ్మ పక్కనే చతికిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే వరుసలు కలిసిపోయి కనిపించాయి.

"అక్కా, దీన్ని తీసుకెళ్తాను. నివేదికతో జత చెయ్యాలి. నీకు డబ్బు తిరిగొస్తుంది. ఆయన పేరు మీద మచ్చ పోతుంది."

"ఇవ్వను."

"అక్కా..."

"అప్పుడు మోసుకొచ్చి ఇస్తే తీసుకోలేదు కదే నువ్వు. ఇప్పుడెందుకు?" గొంతులో కోపం లేదు. అదే ఆమెకు భరించరానిది అయింది. "నా దగ్గరే ఉండనీ. నేను మాత్రం ఒక్కసారైనా తిప్పి చూశానా? కాలితో తోసేదాన్ని."

కాసేపటికి అక్క వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. దిమ్మను ఒళ్ళోకి లాక్కుని చీర చెంగుతో దుమ్ము తుడిచింది, అక్షరాలు చెరగకుండా, అంచుల వెంబడి మాత్రమే.

"కాగితం తీసుకో. నేను చదువుతాను, నువ్వు రాసుకో."

అక్క చదివింది. ఆమె రాసుకుంది. తొమ్మిది నాలుగువందలు. ఎనిమిది రెండువందలు. ఏడున్నర. బరువులు తగ్గుతూ, తగ్గడం నెమ్మదిస్తూ వచ్చి, అయిదు కిలోల ఆరువందల దగ్గర ఆగిపోయాయి. తారీఖులు మాత్రం ఆగలేదు. మొదటి వైపు నిండిపోతే రెండో వైపు రాశాడు. అదీ నిండితే దిమ్మ చుట్టూ రాశాడు; అవన్నీ ఇన్నేళ్ళ దుమ్ములో మాసిపోయి, దగ్గరికి తీసుకుంటే తప్ప కనిపించవు. చివరి తారీఖు ఆయన పోవడానికి మూడు వారాల ముందుది.

"అన్నీ అయిదు ఆరువందలే రాశాడేమే?"

"ఆరిపోయిందక్కా. గాలిలో తేమకి గ్రాముల్లో అటూ ఇటూ తప్ప ఇక బరువు మారదు."

"మారదని తెలిసినాయన పదేళ్ళపాటు ఎందుకు తూచాడు?"

స్థిరపడిందో లేదో మళ్ళీ మళ్ళీ తూచి చూసుకోవడం మంచి పరిశోధకుడి లక్షణమని ఆమె చెప్పబోయింది. ఆ జవాబు నిజమే. రెండేళ్ళ తూకాలకు సరిపోయే జవాబు, పదేళ్ళకు కాదు.

అక్క దిమ్మను వెలుతురు వైపు తిప్పి, వేలితో తర్వాతి వరుస పట్టుకుంది.

"రాసుకో," అంది. "అయిదు కిలోల ఆరువందలు."